మనోణ్ణి ఎవరు పంపమన్నారు?

"అదంతా ఉత్తదే కదా!" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీ పేరెత్తితే చాలు, పెళ్ళిలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి నుంచి డోర్నకల్ ప్యాసింజర్‌లో ఎదురు సీటాయన దాకా అందరిదీ ఇదే పాట. గొంతు తగ్గించి, కన్ను గీటి, ఏదో గూఢచారి కబురు చేరవేస్తున్నట్టు చెబుతారు. అయ్యా, ఆ ముక్క కంపెనీవాళ్ళే 1989లో న్యూజెర్సీ శాసనసభ్యుల ముందు ఒప్పేసుకున్నారు. ఇది పోటీ కాదు, వినోదం, కనుక క్రీడల కమిషన్ పెత్తనమూ దాని పన్నూ మాకొద్దని వాళ్ళ వాదన. పన్ను తప్పుతుందంటే నిజం చెప్పడానికి ఎవరికి మాత్రం అభ్యంతరం?

అయినా దుర్యోధనుడు చస్తాడని తెలియకనేనా మా తాతలు తెల్లవార్లూ బాగోతం చూసింది? గదాయుద్ధంలో నడుము కింద కొట్టకూడదని నియమం. అర్జునుడు తొడ చరిచి సైగ చేశాడు, భీముడు అక్కడే కొట్టాడు. అంతసేపూ పక్కనే ఉన్న బలరాముడు కొట్టడం అయ్యాక లేచి నాగలెత్తాడు, తమ్ముడు సర్దిచెప్పగానే రుసరుసలాడుతూ ద్వారక దారి పట్టాడు. ఇక రిఫరీ అటు తిరిగినప్పుడు ఇనుప కుర్చీతో నెత్తిన వేయడం అమెరికావాడు కొత్తగా కనిపెట్టిందా?

పేరు సంగతి కూడా చెప్పాలి. పాండా బొమ్మ వేసుకునే వన్యప్రాణి సంస్థ ఆ అక్షరాలు తనవని కోర్టుకెక్కడంతో 2002లో ఈ కంపెనీ ఎఫ్ తీసేసి ఈ పెట్టుకుంది. అంతంత కండల వీరులు పాండా చేతిలో ఓడిపోయారన్నమాట. గార్లలో మాత్రం ఎఫ్ పోలేదు. 2016లో మమ్మల్ని ఖమ్మం నుంచి తీసి మహబూబాబాద్ జిల్లాలో కలిపినా "మాది ఖమ్మం జిల్లా" అనే పెద్దలు ఇప్పటికీ ఉన్న ఊరు మాది. ఒక అక్షరం మార్చుకున్నంత మాత్రాన మాట మార్చేస్తామా?

మాకు ముందు వచ్చింది టీవీ కాదు, కార్డులు. అరచేతిలో పట్టే అట్టముక్కలు. ఒక్కో దాని మీద ఒక్కో వీరుడు, కింద ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలత, ఆడిన కుస్తీలు, గెలిచినవి, ర్యాంకు. ఆడీ ఆడీ మూలలు మెత్తబడి రెండు పొరలుగా విచ్చుకునేవి, అన్నం మెతుకుతో అంటించేవాళ్ళం. లెక్కల్లో ఎప్పుడూ తప్పేవాడు కూడా ఎవడి ఛాతీ ఎన్ని అంగుళాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అండర్‌టేకర్ కార్డు రాంపురం నుంచి వచ్చే పిల్లాడి దగ్గర ఉండేది. వానాకాలంలో పాకాల ఏరు పొంగిందంటే వాడూ కార్డూ అవతలి ఒడ్డునే. ఆ వారం మా ఆటకు రుచే ఉండేది కాదు.

తర్వాత కేబుల్లో టెన్ స్పోర్ట్స్ వచ్చింది. గంట మోగుతుంది. స్టేడియంలో లైట్లన్నీ ఆరిపోతాయి. మా ఇంట్లో ఆ క్షణాన అందరం తలెత్తి ఫ్యాను వైపు చూసేవాళ్ళం. తిరుగుతుంటే అండర్‌టేకర్ వస్తున్నట్టు, ఆగిపోతుంటే కరెంటు పోయినట్టు. ఆయనకు ఏడు ప్రాణాలని మాకు గట్టి నమ్మకం. పెట్టెలో పెట్టి మేకులు కొట్టినా, గోతిలో పూడ్చినా మళ్ళీ వచ్చేవాడు కదా. ఆయన దేశమేదో, మతమేదో, పగలు ఏం పని చేస్తాడో మాకు పట్టలేదు. ఇంట్లో ఎవరూ ఇలా చేయకండని తెర మీద ఇంగ్లిషులో వచ్చే హెచ్చరిక మాకు అర్థమయ్యేది కాదు. అర్థమైనా మా నవారు మంచానికి మంచిరోజులు వచ్చేవి కావులెండి. పట్టె మీది నుంచి ఎగిరి మోచేత్తో తమ్ముణ్ణి పొడిచే కార్యక్రమం వేసవి సెలవులంతా సాగేది. సాయంత్రానికి నవారు ఉయ్యాలలా వేలాడేది, నాయినమ్మ తిట్టుకుంటూ బిగించేది.

2006 ఏప్రిల్‌లో వచ్చి పడ్డాడు ఖలీ. హిమాచల్‌లోని ధిరైనా అనే పల్లెటూరివాడు, పంజాబ్ పోలీసుల్లో పనిచేసినవాడు, ఏడడుగుల పైచిలుకు మనిషి. కంపెనీవాళ్ళు ఆయన్ను మొట్టమొదట ఎవరి మీదకు తోలారనుకున్నారు? సరిగ్గా అండర్‌టేకర్ మీదకే. నెల తిరిగేసరికి మే 21న కింద పడేసి, ఛాతీ మీద కాలు పెట్టి మూడు అంకెలు లెక్కపెట్టించాడు. మా వీధి రెండుగా చీలిపోయింది.

"మనోడురా!"

"మనోడైతే? అండర్‌టేకర్‌ను కొడ్తడా?"

రెండో మాట నాది. ఈ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు. ఆగస్టులో అండర్‌టేకర్ బదులు తీర్చుకున్నాడు గానీ, అప్పటికే నా మనసు విరిగింది. దేశభక్తి లేదా అని మా బాపు ఎగతాళి చేశాడు. ఉంది. హాకీకి ఉంది, క్రికెట్‌కు ఉంది. అండర్‌టేకర్ దగ్గర దేశం ఊసెందుకు? మరుసటి ఏడు ఖలీ ఏకంగా ప్రపంచ చాంపియన్ అయ్యాడు. వీధంతా పండగ చేసుకుంది, నేను అన్నం మానేసి పడుకున్నాను.

బయటి దేశాల్లో జనం కావాలంటే ఆ దేశపు మనిషి ఒకణ్ణి బరిలో దించాలని ఈ కంపెనీకి ఎవరు చెప్పారో! 2017లో జిందర్ మహల్‌కు టైటిల్ కట్టబెట్టారు. ఆయన పుట్టింది కెనడాలో. అదే ఏడు డిసెంబరులో ఆయన్ను ఢిల్లీకి తెచ్చి, అంతమంది జనం ముందు ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ వంతు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా వచ్చాడు, సెత్ రోలిన్స్‌తో జత కట్టి గెలిచాడు. మన వీర్, సంగా జోడీ ఓడిపోయింది. మన షాంకీని గుంథర్ ఓడించాడు. ఆ సంగా ఎవరనుకున్నారు? స్టార్ ప్లస్ మహాభారతంలో భీముడి వేషం కట్టిన సౌరవ్ గుర్జర్. భీముణ్ణి పిలిపించి గచ్చిబౌలిలో ఓడగొట్టడానికి ఎంత ధైర్యం!

మా మేనల్లుడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. రాత్రి పదకొండు దాటాక ఫోన్.

"మామా, సామీ జేన్, కెవిన్ ఓవెన్స్ నాటు నాటు ఆడిండ్రు! స్టేడియం ఊగిపోయింది!"

"మనోళ్ళు గెలిచిండ్రా?"

"గదెవడు జూసిండు మామా..."

వాడిదే సరైన చూపు. ఆస్కార్ తెచ్చిన పాటకు మెకింటైర్ అనే స్కాట్లాండ్ దున్న కాళ్ళు విసురుతుంటే గెలుపోటముల లెక్క ఎవడికి కావాలి?

ఇప్పుడు అంతా నెట్‌ఫ్లిక్స్. పదేళ్ళకు ఐదు వందల కోట్ల డాలర్ల పైచిలుకు బేరం. 2025 ఏప్రిల్ నుంచి మనకూ అందులోనే. వాళ్ళ సోమవారం రాత్రి మనకు మంగళవారం పొద్దున, పాల ప్యాకెట్ల వేళ. నెలనెలా డబ్బు కట్టి, ఆరంగుళాల ఫోనులో, చెవుల్లో పుల్లలు పెట్టుకుని ఒక్కడే చూడాలి. 2021లో సోనీ టెన్ 4 వచ్చి తెలుగులో వ్యాఖ్యానం చెప్పిస్తేనే నేను గొణుక్కున్నాను. అర్థమవుతుంటే ఆట చప్పబడింది. ఆ ఇంగ్లిషు అరుపులే బాగుండేవి, ఏం తిడుతున్నారో మనమే కల్పించుకునేవాళ్ళం.

ఇందాక భీముడన్నాను కదా, గుర్తొచ్చింది, అసలు మనవాళ్ళే ముందు ప్రదర్శన పట్టుకుని దేశాలు తిరిగారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుణ్ణి కలియుగ భీముడనేవారు. సొంత సర్కస్ పెట్టి, గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. లండన్ వెళ్ళి ఐదో జార్జి చేతనే శభాష్ అనిపించుకున్నాడంటారు. శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఆ విగ్రహం చూద్దామని మావాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్తే, ఒక్కరు తలెత్తి చూస్తే ఒట్టు. అందరి కళ్ళూ పిడత కింద పప్పు బండి మీదే. మా అత్తయ్య నిమ్మకాయ ఇంకాస్త పిండమంటుంది, బండాయన పిండానంటాడు. నా పొట్లంలో ఉల్లిపాయలు తక్కువేశాడు. అడిగితే ఉల్లి ధర చెప్పాడు.