జుమ్మెరాత్ బజార్‌లో ఒక గురువారం

హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ బస్టాపులో దిగి, బేగంబజార్ మీదుగా పురానాపూల్ వైపు వెళ్తుంటే దారి పొడవునా కొత్త స్టీలు గిన్నెలు తళతళలాడుతుంటాయి. ఆ తళుకు అయిపోయిన చోట జుమ్మెరాత్ బజార్ మొదలవుతుంది. ఉర్దూలో జుమ్మెరాత్ అంటే గురువారం. మన ఇళ్ళల్లోంచి బయటికి పోయిన పాత సామానంతా ఆ రోజు ఇక్కడ రోడ్డు మీద పరుచుకుని కూర్చుంటుంది.

పక్కనే మూసీ మీద ఉన్న పాత వంతెన 1578లో కట్టింది. చార్మినార్ కట్టి ఊరికి పునాది వేసింది 1591లో. అంటే ఊరికన్నా వంతెనకే వయసెక్కువ. బండ్ల రాకపోకలు కొత్త వంతెన మీదికి మళ్ళాక, దీని మీద కూరగాయలమ్మేవాళ్ళు కూర్చున్నారు. పాతదాన్ని పారేయకుండా ఇంకో పనిలో పెట్టడం ఈ పేటకి కొత్తేమీ కాదు.

మేం సరదాకి వెళ్ళలేదు. మా అన్నయ్య కొడుక్కి కొత్తగా ఉద్యోగం వచ్చింది. మూసాపేటలో ఒక గది దొరికింది. అడ్వాన్సు కట్టేశాక వాడి చేతిలో మిగిలింది 6,000. మొదటి జీతానికి ఇంకా నలభై రోజులుంది. "అత్తా, చాప మీద పడుకుంటాలే" అన్నాడు గానీ, కింద నేల చెమ్మ. వాళ్ళ నాన్నని అడగడం వాడికి ఇష్టం లేదు. అడిగినా అక్కడా అంతంతమాత్రమే.

పొద్దున్నే వెళ్తే మంచిది. ఎండెక్కే కొద్దీ జనం, జనంతో పాటు ధరలూ! గోనెపట్టాల మీద స్పానర్లు, రంపాలు, తలుపు బందులు, తాళం లేని చెవులు, చెవుల్లేని తాళాలు, జత తప్పిన చెప్పులు, మిక్సీ జార్లు, ఎవరి పెళ్ళికో చదివించినట్టు పేర్లు చెక్కిన స్టీలు బిందెలు. వాటి మీద పేర్లు చదువుతుంటే కాస్త బెంగగా ఉంటుంది. ఏ తేదీన ఏ ఇంటికి వెళ్ళిందో, ఎందుకు బయటికొచ్చిందో!

ముందుగా ఇనుప మడత మంచం కొన్నాం, 900. నవారు వదులైంది గానీ చట్రం గట్టిగా ఉంది. నవారు మళ్ళీ బిగించుకోవడం మనకు రాని విద్యేం కాదు. కాలు ఊగే చిన్న బల్ల 400. టేబుల్ ఫ్యాన్ 500. పక్క కొట్టువాడి బోర్డుకి పెట్టించి, పావుగంట తిరగనిచ్చి, మోటారు మీద చెయ్యి పెట్టి చూశాకే డబ్బులిచ్చాం. అయిదు లీటర్ల కుక్కర్ 450. అడుగు ఉబ్బిందేమో తెలియాలంటే చదునైన బండ మీద పెట్టి చూడాలి, ఉబ్బితే గిరగిరా తిరుగుతుంది. రబ్బరూ, సేఫ్టీ వాల్వూ మాత్రం బేగంబజార్‌లో కొత్తవి కొన్నాం, 120. అక్కడ పిసినారితనం పనికిరాదు. గ్యాస్ పైపు, రెగ్యులేటరు, హెల్మెట్, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. బిల్లు లేని ఫోను సంగతి సరేసరి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది బట్టల దగ్గర. చొక్కాల గుట్ట వెనక ఒకామె కూర్చుని గుండీలు కుడుతోంది. పక్కన డబ్బాలో రంగురంగుల గుండీలు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్ళు మన వీధుల్లోకి వస్తుంటారు కదా, వాళ్ళ దగ్గర మూటల లెక్కన కొంటుందట. తెచ్చాక వేరుచేయాలి, నానబెట్టాలి, ఉతకాలి, జిప్పులు మార్చాలి, ఇస్త్రీ చేయాలి. మనం "పాత చొక్కాకి 60 ఎక్కువ" అని బేరమాడేది ఆ చొక్కాతో కాదు, ఈ పనంతటితో. మూడు చొక్కాలు తీసుకుని 180 ఇచ్చాను. బేరమాడబుద్ధి కాలేదు.

"ఇంతకుముందు మూటలో సగం నూలు బట్టలుండేవక్కా. ఇప్పుడు అన్నీ సాగే బట్టలే. నాలుగు ఉతుకులకే ఉండలు కడుతున్నయ్. తుడవనీకి గుడ్డగా కూడా పనికిరావు, నీళ్ళు పీల్చయ్" అంది. మామూలుగా అయితే చివరికి చిరిగిన నూలు గుడ్డలు మెకానిక్ షెడ్లకీ, రంగులేసేవాళ్ళకీ కిలోల లెక్కన పోతాయి. పాలిస్టర్‌ని వాళ్ళూ తీసుకోరట. ఆ మూట ఎక్కడికి పోతుందో నేను అడగలేదు. పక్కనున్న మూసీ వైపు చూస్తే తెలుస్తూనే ఉంది.

మా నాయనమ్మ బొంతలు కుట్టేది. మెత్తబడ్డ చీరలు పైనా కిందా, మధ్యలో పంచెలూ లుంగీల ముక్కలు పరిచి, పెద్ద సూదితో అంచు నుంచి అంచుకి పొడవాటి కుట్లు. బెంగాల్లో ఇలాంటిదాన్నే కాంథా అంటారు, ఇప్పుడది బొటిక్కుల్లో వేలు పలుకుతోంది. మన బొంతకి ఆ యోగం పట్టలేదు. కానీ బొంత కావాలంటే ముందు నూలు చీర కట్టి, ఉతికి, మెత్తబరిచి ఉండాలి. 300కి కొని రెండు నెలల్లో పారేసే టాప్‌లోంచి బొంత రాదు. పొదుపు అక్కడే దెబ్బతింటోందని నాకనిపిస్తుంది. మనకి పాతవి దాచుకునే ఓపిక లేక కాదు, దాచుకోదగ్గవి కొనక.

అందుకే వాడికి చొక్కాలు నూలువే ఏరాను. కాలరు అరిగాక ఏం చేయాలో కూడా చెప్పాను. గుండీలున్న ముందు భాగాన్నీ, వీపు ముక్కనీ కలిపి నాలుగు పక్కలా కుట్టేస్తే దిండు గలీబు. గుండీలే మూత, జిప్పు ఖర్చు లేదు. జీన్సు ప్యాంటు కాలు కోసి అడుగు కుట్టేస్తే కూరగాయల సంచీ. కిటికీ తెరలకి మా ఇంట్లోని పాత నేత చీర పట్టుకెళ్ళాను. చీర అయిదు మీటర్ల పైనే ఉంటుంది, చిన్న కిటికీకి రెండు తెరలొచ్చాయి, కొంగు ముక్క బల్ల మీదికి సరిపోయింది.

ట్రాలీ ఆటోకి 600. మొత్తం 3,150 అయింది. మిగిలిన 2,850లో బియ్యం, పప్పు, బస్సు పాసు. "జీతం వచ్చేదాకా లాగేయొచ్చు అత్తా" అన్నాడు, లెక్క రెండుసార్లు వేసుకుని.

మధ్యాహ్నానికి గుట్టలు పలచబడ్డాయి. గుండీల ఆమె మిగిలిన చొక్కాలు మడతపెట్టి మూట కడుతూ, "ప్యాంట్లు కావాలంటే ఐతారం ఎర్రగడ్డకి రా అక్కా, పొద్దున్నే రా, నీ పిల్లగాని కొలత తీసి పెడత" అంది. వాడి నడుము కొలతకి ఆమె చిన్న దారం ముక్క తెంపి, ముడేసి, గుండీల డబ్బాలో పడేసుకుంది.