బ్యాగు మీద గ్రూపే ఉంటుంది

మా వైపు గుడ్ ఫ్రైడే మిరప కల్లాలతో పాటే వస్తుంది. కల్లాల్లో కాయ ఎర్రగా ఆరుతుంటుంది, గుంటూరు యార్డు దారిలో టిక్కీల లారీలు బారులు తీరతాయి. చర్చిలో ఆ రోజు పాటల్లో, ప్రసంగంలో, ప్రార్థనలో మళ్లీ మళ్లీ వినపడే మాట ఒకటే. రక్తం.

బ్లడ్ బ్యాంకులకు కష్టకాలం మొదలయ్యేదీ అప్పుడే. కాలేజీలకు సెలవులొస్తాయి. మిగతావాళ్లు ఎండకు భయపడతారు. అందుకే మా చర్చి యూత్ వాళ్లం ఆ రోజుల్లోనే రక్తదాన శిబిరం పెడతాం.

నేను రక్తం ఇవ్వడానికి మొదటి కారణం మాత్రం మా అమ్మ. నేను పుట్టినప్పుడు ఆమెకు రక్తం బాగా పోయిందట. గుంటూరులో రెండు బాటిళ్లు ఎక్కించారు. "ఎవరిదమ్మా ఆ రక్తం?" అని చిన్నప్పుడు అడిగితే, "ఏమోరా, ఆ దేవుడికే తెలియాలి" అనేది.

మా అమ్మమ్మ ఇంకో మాట అనేది. "మేం కూలికెళ్తే ఆసాములు దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. గ్లాసు ఇచ్చేవాళ్లు కాదు. మరి ఆ రెండు బాటిళ్లు ఎవరివో! మీ అమ్మ ఒంట్లోకి తిన్నగా పోయినయ్యి, ఎవురూ అడ్డం చెప్పలా" అని నవ్వేది.

ఆ నవ్వు వెనక ఏముందో పెద్దయ్యాక అర్థమైంది. బ్లడ్ బ్యాగు మీద నంబరు ఉంటుంది, గ్రూపు ఉంటుంది, తీసిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. కులం ఉండదు. మతం ఉండదు. ఇదే నేల మీద రక్తం ఇంకోలా పారిన రోజులున్నాయి. 1985లో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని కులం చూసే చంపారు. ఆ ఊళ్ల పేర్లు తెలిసిన వాళ్లకి, పేరు లేని ఒక బ్యాగు ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

మంచి సమరయుడి కథ సండే స్కూల్లో అందరం విన్నాం. దారిలో పడి ఉన్నవాడికి సాయం చేయాలి అని నేర్చుకున్నాం. కానీ అక్కడ సాయం చేసిందెవరు? యూదులు దూరం పెట్టిన జాతివాడు. పొరుగువాడు ఎవరన్న ప్రశ్నకి యేసు చెప్పిన జవాబు అది. రక్తం ఇచ్చేటప్పుడు కూడా అంతే. నా పొరుగువాడిని నేను ఏరుకోలేను. అది ఎవరికి వెళ్తుందో నాకు తెలియదు, ఎవరిచ్చారో వాళ్లకి తెలియదు.

ఒకసారి మా యూత్ మీటింగులో ఒకతను, "రక్తం తీసుకున్నవాళ్లకి ఒక కరపత్రం కూడా ఇప్పిద్దామా?" అన్నాడు. మా పాస్టరు గారు వద్దన్నారు. 1876-78 కరువు సంగతి చెప్పారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. కానీ ఆ పనులు నడిచినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆయన పట్టుదల. ఆ తర్వాతే, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. "సాయానికి షరతు తగిలిస్తే అది బేరం అవుతుంది" అన్నారు పాస్టరు గారు. మన దేశంలో 1998 జనవరి 1 నుంచి డబ్బుకి రక్తం అమ్మడం నిషేధం. విశ్వాసం పేరుతోనూ అమ్మకూడదని నాకు ఆ రోజు అనిపించింది.

శిబిరంలో నాకు బాధనిపించే విషయం ఒకటుంది. హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే రక్తం తీసుకుంటారు. మిరప కోతలకెళ్లే మా ఆడవాళ్లు వరసలో నిలబడి, వేలికి సూది పొడిపించుకుని, తక్కువుందని వెనక్కొచ్చేస్తుంటారు. మా అమ్మ కూడా అంతే. "తీసుకున్నది తిరిగి ఇవ్వలేకపోతున్నానే" అంటూ వెళ్లి అందరికీ నిమ్మకాయ నీళ్లు కలుపుతుంది. ఆమె వంతు కూడా నేనే ఇస్తున్నానని నాకు అనిపిస్తుంది.

18 ఏళ్లు నిండి, 45 కేజీలు దాటి, ఆరోగ్యంగా ఉంటే మీరూ ఇవ్వొచ్చు. తీసేది 350 మిల్లీలీటర్లు. పది నిమిషాల పని. దాన్ని ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీసి ముగ్గురికి వాడొచ్చు. కానీ ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, ఎర్ర కణాలు మహా అయితే ఆరు వారాలు. తలసేమియా ఉన్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఏడాదికోసారి గుడ్ ఫ్రైడేకి ఇచ్చి ఊరుకుంటే వాళ్లకి సరిపోదు.

మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. గుడ్ ఫ్రైడే నుంచి తొంభై రోజులు లెక్కేసి నేను ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటాను. అది మోగేసరికి మా చేలల్లో పత్తి గింజ పెడుతుంటారు. అప్పుడు శిబిరం ఉండదు, బ్యానరు ఉండదు, వాట్సాప్‌లో పెట్టుకోవడానికి గ్రూప్ ఫొటో కూడా ఉండదు. బస్సెక్కి బ్లడ్ బ్యాంకుకి వెళ్లి, చెయ్యి చాపి, ఒక టీ తాగి వచ్చేస్తాను.