కరీంనగరము నుండి ఆదిలాబాదు వఱకు: అంగడివాని పూచీ

యాత్రావ్యాసమనగా గుళ్లను, జలపాతములను వర్ణించుట వాడుక. ఉత్తర తెలంగాణములో వానికి కొదువ లేదు. అయినను నే నీమాఱు చూచివచ్చినవి రేడియోలు, టీవీలు, మిక్సీలు అమ్ము అంగళ్లు. ఇంటిపని సగము యంత్రములపై నడచుచున్న యీ దినములలో వీని సంగతి మనకు తెలిసియుండుట మంచిది.

కరీంనగరము మానేటి యొడ్డున నున్నది. వెండితీగె పనికి ప్రసిద్ధి గన్న యూరు; ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. టవరు సర్కిలు చుట్టును గల బజారులలో ఎప్పుడును సందడియే. 1970ల నుండి యీ ప్రాంతపు పురుషు లెందఱో గల్ఫు దేశములకు కూలికై పోయిరి. సెలవుపై వచ్చునపుడు రేడియోయు టేపురికార్డరును కలిసిన పెట్టెను తెచ్చుట పరిపాటి. ఉత్తరము వ్రాయనేరని యిల్లాలు భర్తకు చెప్పవలసిన మాటలను కాసెట్టుపై నింపి పంపుట కా పెట్టెయే యాధారము. అది మూగవోయినచో దుబాయిలోని దుకాణదారు డిచ్చటికి రాడు గదా! మన బజారులోని చిన్న అంగడివాడే దానిని విప్పి, తెగిన తీగె నతికి, మరల పలికింపవలెను.

అట్టి అంగడిలో సరుకుకంటె పూచీ ముఖ్యము. దసరాకు కొన్న ఫ్రిజ్ సంక్రాంతికి చల్లదనము మానినచో ఎవరి నడుగవలెనో యిల్లాలికి తెలియును. ఆ వర్తకులందఱును ధర్మరాజులని నేననను. మొగము చూచి ధర చెప్పువారును, బిల్లీయక దాటవేయువారును వారిలో లేకపోలేదు. కాని తగవాడుటకు ఎదుట నొక మనిషి యుండును.

నేడీ చిన్న అంగళ్లకు గిరాకి తగ్గుచున్నది. 2007లో పుస్తకముల అమ్మకముతో మొదలైన ఫ్లిప్‌కార్టు సకల వస్తువులను అమ్మసాగెను. 2013లో అమెజాను మన దేశమున అంగడి తెఱచెను. 2016లో జియో వచ్చి ఇంటర్నెట్టు చౌకయయ్యెను. 2020లో లాక్‌డౌను అంగళ్ల తలుపులు మూయించెను. వీనివలన మేలును కలదు. ధరలు సరిపోల్చుకొనవచ్చును, పట్నము పోవుటకు ఒకరి తీరిక కొఱకు కాచుకొన నక్కఱలేదు.

చిక్కు తరువాత వచ్చును. కరీంనగరము నుండి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, ఉత్తరముగా తిరిగి, సోను వద్ద గోదావరి దాటినచో నిర్మలు వచ్చును. అటుపై కొండలు, టేకుచెట్లు. ఆ పిమ్మట ఆదిలాబాదు. ఇచ్చటి ఆకాశవాణి కేంద్రము 1986లో నెలకొన్నది. గోండుభాషలో కూడ కార్యక్రమములు వినిపించును. అడవి పల్లెలోని అక్కకు తన మాటలో మాటాడు రేడియో కలదు గాని, చెడిన వాషింగు మెషీను గుఱించి ఫోను చేసినచో ఆ గొంతు ఏ యూరిదో తెలియదు. ఒకటి నొక్కుము, రెండు నొక్కుము అనుటతోనే పొద్దు గడచును. వస్తువు గడపకు వచ్చును. బాగుచేయు మనిషి రావలె నన్న, పట్నము నుండి అడవిదారి పట్టవలెను.

ఆ పోయిన పూచీని కొంతవఱకు చట్టము నిలుపుచున్నది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులు 2019లో చేసిన క్రొత్త చట్టము 2020 జూలై నుండి అమలులో నున్నది. దాని ప్రకారము, అమ్మినవా డెచ్చట నున్నను, మనము నివసించు చోటనే జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. కరీంనగరమునను, ఆదిలాబాదునను అట్టి కమిషను లున్నవి. వస్తువునకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపైనచో రుసుము లేదు. ఇంటర్నెట్టు అంగడి ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. సలహాకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

కావున, సోదరీ, బిల్లును బియ్యపుడబ్బాలో నైనను భద్రపఱుపుము. పెట్టె విప్పునపుడు ఫోటో తీయుము. వారంటీ కాలమును గోడ క్యాలెండరుపై గుర్తుపెట్టుము. మఱియొక మాట. మీ వీథి చివర తీగె లతుకు ముసలి మేస్త్రీ యింకను కూర్చున్నచో, చెడిన మిక్సీని పాఱవేయక ముందు అతనికి చూపుము. చెప్పిన కూలి బేరమాడక యిమ్ము. అతడుకూడ అంగడి మూసినచో, రేపు మన యింటి యంత్రము చెడినపుడు ఎవరి గడప తొక్కుదుము?