విండోస్ తీసెయ్యకుండనే లినక్స్ నేర్చుకున్నం

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. డిగ్రీల కంప్యూటర్స్ తీసుకున్నోళ్లు ఓపికగ చదవండి.

మేము ముగ్గురం జనగామల ఒకే హాస్టల్ రూమ్‌ల ఉంటం. ఒకరిది దేవరుప్పుల దగ్గరి తండా, ఒకరిది మహబూబాబాద్ జిల్లా మరిపెడ వైపు తండా, ఇంకొకరిది భూపాలపల్లి జిల్లా మహాముత్తారం వైపు కోయ గూడెం. మూడిండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే. ముగ్గురికీ ఉన్నది ఒక్కటే పాత లాప్‌టాప్, నాలుగు జీబీ ర్యామ్. మరిపెడోని నాయిన మిర్చి అమ్మిన పైసలతోటి కొనిచ్చిండు.

ఈ సెమిస్టర్‌ల యూనిక్స్ ల్యాబ్ వచ్చింది. కాలేజీల లినక్స్ ఉంటది, కాని మాకు దొరికేది వారానికి రెండు గంటలే. రూమ్‌ల ఉన్నది విండోస్. బజార్ల ఒక షాపుల అడిగితే "విండోస్ మొత్తం తీసేసి లినక్స్ ఎక్కిస్త" అన్నరు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. స్కాలర్‌షిప్ కాగితాలన్నీ అందులనే ఉన్నయి. జూనియర్లకు వర్డ్‌ల అప్లికేషన్లు కొట్టిచ్చి మా చాయ్ ఖర్చులు ఎల్లదీసుకునేది దానిమీదనే. అన్నిటికన్న, అది ఖరాబైతే ఆ నాయినకు ఏం మొకం చూపియ్యాలె?

ఒక సీనియర్ అక్కకు ఫోన్ చేస్తే నవ్వింది. "తీసెయ్యాల్సిన పనే లేదురా. రెండూ పక్కపక్కన నడుస్తయి" అన్నది.

ఇది కొత్త ముచ్చట కాదట. యూనిక్స్ 1969ల అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల పుట్టింది. దాని బలమంతా చిన్న చిన్న పనిముట్లల్ల ఉంది. గ్రెప్ వెతుకుతది, సార్ట్ వరుస పెడతది, యునీక్ పక్కపక్కన వచ్చిన ఒకే రకం లైన్లను ఒక్కటి చేస్తది. నాట్లప్పుడు నారు కట్టలు చేతులు మారినట్టు, ఒకటి చేసిన పని ఇంకోటి అందుకుంటది. వీటిని విండోస్ మీద నడపడానికి 1995ల సిగ్విన్ మొదలైంది. అది మధ్యల దుబాసి లెక్క, కాని ప్రోగ్రాంలను దానికోసం మళ్ల కంపైల్ చెయ్యాలె. 2016ల మైక్రోసాఫ్టే డబ్ల్యూఎస్ఎల్ ప్రకటించింది. దీంట్ల లినక్స్ కోసం తయారైన ప్రోగ్రాం ఉన్నదున్నట్టే నడుస్తది.

ముందు కాగితాలన్నీ పెన్‌డ్రైవ్‌ల కాపీ పెట్టుకొని, అక్క చెప్పిన ఒక్క కమాండ్ కొట్టి ఎక్కించినం. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏం కనవడలేదు. కీబోర్డు పోయిందనుకొని భయపడ్డం. లినక్స్‌ల అది అట్లనే ఉంటదట! తర్వాత వర్డ్ తెరిస్తే మిషన్ మొత్తం ఆగిపోయింది. డబ్ల్యూఎస్ఎల్ రెండో వెర్షన్‌ల అసలు లినక్స్ కెర్నల్ ఒక వర్చువల్ మిషన్‌ల నడుస్తది, దానికి ర్యామ్ కావాలె. మొదటి వెర్షన్‌ల వర్చువల్ మిషన్ ఉండదు, లినక్స్ అడిగేది విండోస్‌కు తర్జుమా చేసి చెప్తది. దానికి మార్చినంక మా నాలుగు జీబీకి సరిపోయింది.

ల్యాబ్‌ల సొంత ఫైలు తెచ్చి మాటలు లెక్కపెట్టుమన్నరు. మేము ఇంట్ల మాటలే తీసుకున్నం. దేవరుప్పుల తండా మాటలు నోట్‌ప్యాడ్‌ల కొట్టినం, మరిపెడ తండా మాటలు ఫోన్‌ల కొట్టి తెచ్చినం. రెండూ కలిపి సార్ట్, యునీక్ నడిపితే "యాడి" రెండుసార్లు వచ్చింది. యాడి అంటే అమ్మ. ఎన్నిసార్లు నడిపినా ఇద్దరు యాడిలే. పొద్దున వైవా ఉంది. "మీ తండాల తప్పు రాస్తరు" అంటే "మీ తండాలనే" అని కొట్లాట దాక పోయింది.

కోయ దోస్తు మాత్రం కొట్లాటల దిగకుండ ఫైల్ అనే కమాండ్ కొట్టి చూసిండు. తేడా అక్షరాలల్ల లేదు, లైను చివర ఉంది. లైను అయిపోయిందని చెప్పడానికి విండోస్ కంటికి కనవడని రెండు గుర్తులు పెడతది, యూనిక్స్ ఒక్కటే పెడతది. టైపు మిషన్ల కాలంల బండిని లైను మొదటికి తెచ్చుడు ఒక పని, కాగితం పైకి తిప్పుడు ఇంకో పని. ఆ రెండు గుర్తులు అక్కడి నుంచి వచ్చినయే. ఎక్కువున్న గుర్తును టీఆర్ అనే కమాండ్‌తోటి తీసేసినం. యాడి ఒక్కటే మిగిలింది. పొద్దున వైవాల మమ్ముల అడిగింది కూడ అదే, మంచిగ చెప్పినం.

ఒక్క మాట చెప్తం. కాలేజీకి వచ్చిన కొత్తల ముగ్గురం ఇంటి భాష నోట్లకెల్లి రాకుండ చూసుకున్నం. తెలుగు, ఇంగ్లీషు రావాలంటే అది మర్చిపోవాల్నేమో అనుకున్నం. షాపాయన లాప్‌టాప్‌కు చెప్పినట్టే మాకు మేమే చెప్పుకున్నం. రెండూ ఉండనియ్యొచ్చు. కలిసేకాడ ఏం తేడా వస్తుందో కనిపెట్టుకుంటె చాలు. పక్కోన్ని తప్పువట్టే ముందు లైను చివర చూడాలె.

పాత మిషన్ ఉన్నోళ్లు భయపడకండి, మా రూమ్‌కు రండి, కూసొని ఎక్కిద్దం. ఇప్పుడు ఫైల్‌ల కోయ మాటలే తక్కువున్నయి. సెలవులకు పోతే మహాముత్తారం అవ్వ కూసోబెట్టి చెప్త అన్నది. ఈసారి ముగ్గురం పోతున్నం.