అద్దంలో లారీ

రోడ్డు ఖాళీగా ఉంది. అటూ ఇటూ ఎండిన గడ్డి, గోధుమరంగు కొండలు. 'నాన్నా, వెనక చూడు' అన్నాడు కారు నడుపుతున్న మా అబ్బాయి. అద్దంలో దూరంగా ఓ లారీ. దాని దారిన అది వస్తోంది. అయినా మా ఆవిడ సీటుబెల్టు ఓసారి తడిమి చూసుకుంది. ముందురోజు రాత్రే ముగ్గురం కూర్చుని 'డ్యుయెల్‌' చూశాం మరి!

కాలిఫోర్నియాలో లాస్‌ ఏంజెలెస్‌ నుంచి ఉత్తరంగా దాదాపు గంట ప్రయాణం చేస్తే ఈ సియెర్రా హైవే మీదికి వస్తాం. దగ్గర్లోనే ఫ్రీవే పడ్డాక దూరం వెళ్లే బళ్లు అటు మళ్లాయి. పాత రోడ్డు మాత్రం కొండల మధ్య మెలికలు తిరుగుతూ అలాగే ఉండిపోయింది. టీవీ కోసం తీసిన ఆ సినిమాకి ఈ రోడ్డే సెట్టింగు.

కథ చాలా చిన్నది. ఓ సేల్స్‌మన్‌ ఎర్ర కారులో పనిమీద వెళ్తూ, పొగ కక్కుతున్న పాత ట్యాంకరు లారీని దాటతాడు. అతను చేసిన తప్పల్లా అదే. అక్కణ్నుంచి ఆ లారీ అతని ప్రాణం తీయడానికి వెంటపడుతుంది. దయ్యాల్లేవు, నెత్తురు లేదు. లారీ డ్రైవరు ముఖం చివరిదాకా కనపడదు. కిటికీలోంచి ఓ చెయ్యి, బండి కింద నుంచి బూట్లు... అంతే.

ఒకటే లారీ, ఒకటే అవకాశం

ఈ కథ పుట్టింది నిజం అనుభవంలోంచే. 1963 నవంబరు 22న, అంటే కెనడీ హత్య జరిగిన రోజున, రచయిత రిచర్డ్‌ మాథెసన్‌ స్నేహితుడితో కారులో ఇంటికి వస్తుంటే ఓ లారీ మీదమీదకు వచ్చింది. ఆ భయమే కొన్నేళ్లకు కథైంది. స్క్రీన్‌ప్లే కూడా ఆయనే రాశారు. దర్శకుడు 24 ఏళ్ల కుర్రాడు... పేరు స్టీవెన్‌ స్పీల్‌బర్గ్‌!

టీవీ సినిమా కాబట్టి డబ్బూ తక్కువే, రోజులూ తక్కువే. కారు దృశ్యాలు స్టూడియోలో కానిచ్చేద్దామన్నారు పెద్దలు. రోడ్డు మీదే తీస్తానని పట్టుబట్టాడు స్పీల్‌బర్గ్‌. దారి మొత్తాన్నీ పెద్ద పటంగా గీయించి గోడకి పెట్టుకున్నాడు. చిత్రీకరణకు రెండు వారాలు కూడా పట్టలేదు. ఉన్నది ఒక్క లారీ కావడంతో అది లోయలో పడే దృశ్యం ఒకేసారికి కుదరాలి. కుదిరింది! 1971 నవంబరు 13న ఏబీసీ టీవీలో వచ్చిన 74 నిమిషాల సినిమాకి మరికొన్ని దృశ్యాలు కలిపి, 90 నిమిషాలు చేసి విదేశాల్లో థియేటర్లలో ఆడించారు.

తీయటి నీళ్ల ఊరు

అగ్వా డుల్సే అనే చిన్న ఊరు చేరాం. స్పానిష్‌లో 'తీయటి నీళ్లు' అని అర్థమట. సినిమాలో హీరో చెమటలు కక్కుతూ కూర్చునే కెఫే ఇక్కడిదే. తరవాత అది ఫ్రెంచి రెస్టారెంటుగా మారింది. ఊరి పక్కనే ఏటవాలుగా లేచిన వాస్కెజ్‌ రాళ్లు. 1870ల్లో వాస్కెజ్‌ అనే బందిపోటు ఈ రాళ్ల మధ్యే దాక్కున్నాడు. అతన్ని 1875లో ఉరితీశారు. అక్కణ్నుంచి సోలెడాడ్‌ లోయ. ఆ మాటకు అర్థం 'ఏకాంతం'. ఓ పక్క రైలుపట్టాలు, ఓ పక్క కొండ. పట్టపగలే ఒంటరిగా అనిపిస్తుంది. సినిమాకి వేరే భూతం ఎందుకు అక్కర్లేకపోయిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

'సూర్యాపేట లారీ గుర్తుందా నాన్నా?' అన్నాడు మావాడు. ఎందుకు గుర్తులేదు! విజయవాడ-హైదరాబాద్‌ రోడ్డు ఇంకా రెండు వరసలుగానే ఉన్న 1990ల మాట. చలికాలం, తెల్లవారుజాము, మంచు. మా కారు వెనకే ఓ లారీ. నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది, వేగం పెంచితే అదీ పెంచుతుంది. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. వెనకసీట్లో వాళ్లమ్మ కొంగు పట్టుకుని బిగుసుకుపోయాడు. సూర్యాపేటలో టీ హోటల్‌ ముందు ఆపితే లారీ కూడా ఆగింది! అందులోంచి బక్కపలచని కుర్రాడు దిగాడు. 'లైట్లు పోయినయ్‌ సార్‌. మీ ఎర్రలైట్లు చూసుకుంట వచ్చిన' అన్నాడు చేతులు రుద్దుకుంటూ. మా ఆవిడే అతనికి టీ చెప్పింది.

ఆ కుర్రాడు దిగకుండా వెళ్లిపోయి ఉంటే? ఈనాటికీ అది మా ఇంట్లో దయ్యం కథే అయ్యుండేది. స్పీల్‌బర్గ్‌ చేసిందల్లా తన డ్రైవర్ని చివరిదాకా టీ హోటల్‌ దగ్గర దింపకపోవడమే!

ఇంతలో ఓ లారీ మమ్మల్ని దాటింది. ముఖం చూడాలని మా ఆవిడ మెడ చాచింది. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. ఆవిడా ఊపింది.

ఈ దారిలో వెళ్లేవాళ్లు వేసవి మధ్యాహ్నాలు మానుకోవడం మంచిది. నీళ్లు తప్పకుండా తీసుకెళ్లండి. సినిమా మాత్రం తిరిగొచ్చాకే చూడండి!