బండికుంది, మనిషికి లేదు

పొద్దున గుంటూరు మిర్చి యార్డులో నా బండిలోంచి టిక్కీలు దించుతున్నారు. ఆ ఘాటుకి తుమ్ముతూనే ఫోన్ చూశా.
హెల్త్ పాలసీ తీసుకోమని మెసేజ్!

2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. సంతోషమే.
కానీ నాకు యాభై దాటాయిగా... అసలు ప్రీమియమే పెరిగి కూర్చుంది.

"నాకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉందిలేరా" అన్నాడు హమాలీ బాబాయ్.
నాకేమో ఆ ప్రభుత్వ పథకం లేదు, ఇన్‌కం టాక్స్ కడుతున్నానని తెల్ల కార్డు పోయింది. నా తరఫున ప్రీమియం కట్టడానికి కంపెనీ లేదు.

బండి ఇన్సూరెన్స్ ఒక్కరోజు కూడా తప్పనివ్వను.
తోలే మనిషికి మాత్రం "ఈ సీజన్ అయ్యాక చూద్దాంలే".
నాలుగు సీజన్లయ్యాయి, ఇదే మాట.

సొంత పని చేసుకునేవాళ్లు, మీరెలా కడుతున్నారు? నెలనెలా పక్కన పెడుతున్నారా?
చెప్పండబ్బా.