అరవై ఘడియలు

రాత్రి రెండున్నరకి వంటింట్లో లైటు వెలిగింది. లేచి వెళ్తే అమ్మ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. "రిక్షా వచ్చేస్తుందే, పిల్లలకి బాక్సులు కట్టలేదింకా" అంది కంగారుగా. ఆ పిల్లల్లో పెద్దదాన్ని నేనే. నాకిప్పుడు అరవై రెండేళ్ళు. రెండోవాడు డాలస్‌లో ఉన్నాడు. బాండీ మాడి, మసిగుడ్డ అంచు అంటుకుని ఉంది. ఆ రాత్రి నుంచీ గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేసి పడుకోవడం మొదలుపెట్టాను.

అమ్మకి మతిమరుపు జబ్బు వచ్చి మూడేళ్ళు దాటింది. ఇప్పటి సంగతులు నిలవవు, పాతవన్నీ పదిలంగా ఉన్నాయి. పగలేదో రాత్రేదో తెలిసేలా ఏదైనా ఏర్పాటు చెయ్యమన్నారు డాక్టరు. హాల్లో మా నాన్న కొన్న గోడ గడియారం ఉంది. కానీ దాన్లో రెండున్నర రోజుకి రెండుసార్లు వస్తుంది. ఏ రెండున్నరో చెప్పదు. పైగా ఆ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందే. నాన్న అలా పెట్టించాడు. ఆ పది నిమిషాలు ఆయనకి వెసులుబాటు, అమ్మకి పరుగు. ఆయన పోయాక కూడా దాన్ని ఎవరూ సరిచెయ్యలేదు, నేను కూడా.

పక్క పోర్షన్లో ఉండే అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. వాళ్ళింట్లో ఒకసారి చూశాను, చక్రంలా అమర్చిన చిన్న చిన్న రంగుల దీపాలు. ఒక్కోదాన్ని విడిగా, మనకి కావలసిన రంగులో వెలిగించవచ్చట. అరవై దీపాల చక్రం కూడా దొరుకుతుంది, పదిహేనేసి దీపాల నాలుగు ముక్కలుగా వస్తుంది, మనమే అతుక్కోవాలి అంది. అరవై అనగానే తెలుగు లెక్చరర్ బుర్ర ఒకచోట ఆగిపోయింది. రోజుకి ఘడియలు అరవై. ఘడియంటే 24 నిమిషాలు. ఏడున్నర ఘడియలు ఒక జాము. గడియారం అనే మాటే ఆ ఘడియలోంచి వచ్చింది. అయితే ఇరవై నాలుగ్గంటల్నీ ఒకే చుట్టులో పెట్టెయ్యొచ్చు కదా! పైన మొదటి దీపం పొద్దున్న ఆరు. కుడి పక్కన పదిహేను ఘడియలకి మిట్టమధ్యాహ్నం, అడుగున ముప్ఫైకి సాయంత్రం ఆరు, ఎడమ పక్కన నలభై అయిదుకి అర్ధరాత్రి. అసలు ఘడియల్ని సూర్యోదయం నుంచి లెక్కపెట్టాలి, అది రోజూ మారుతుంది. నేను ఆరుకి స్థిరపరిచేశాను. పంచాంగకర్తలు క్షమించాలి.

సామాన్లకి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మా గన్‌ఫౌండ్రీ నుంచి అబిడ్స్ మీదుగా నడిచే దూరమే. అడిగినవన్నీ బల్లమీద పెడుతూ కొట్టతను "బాబు ప్రాజెక్టా మేడమ్?" అన్నాడు. కాదన్నాను. "మనవడిదా?" నాకే అన్నాను. నమ్మినట్టు లేదు. వైర్లు ఎలా కలపాలో మాత్రం కాగితం మీద గీసిచ్చాడు, "ఇంటికెళ్ళి ఎవరికైనా చూపించండి" అని.

నిజానికి అది నలభై ఆరేళ్ళ కిందటి మాటే. 1979లో ఇంటర్లో చేరేటప్పుడు నేను ఎంపీసీ అన్నాను. ల్యాబులు సాయంత్రం అయిదు దాకా ఉంటాయి, చీకటిపడేలోపు ఇంటికి రావాలి, అమ్మకి చేతిసాయం ఉండాలి అన్నారు. మార్కుల మాటే రాలేదు, అడ్డుచెప్పింది గడియారమే. రెండేళ్ళకి తమ్ముడు చేరినప్పుడు ఆ అయిదు గంటలు ఎవరికీ అడ్డురాలేదు. తెలుగు సాహిత్యం నన్ను బాగానే పోషించింది, దానిమీద నాకే ఫిర్యాదూ లేదు. అయినా సోల్డరింగ్ ఐరన్ మొదటిసారి చేత్తో పట్టుకున్నప్పుడు చెయ్యి వణికింది వయసువల్ల మాత్రమే కాదు.

లీలావతి కథ అందరికీ తెలిసిందే. భాస్కరాచార్యుడి గణిత గ్రంథాన్ని 1587లో పారశీకంలోకి అనువదిస్తూ ఫైజీ చెప్పిన కథ అది. అడుగున సన్నని చిల్లున్న గిన్నెని నీళ్ళమీద వదిలితే, అది నిండి మునిగే వేళకి కూతురి పెళ్ళి ముహూర్తం. ఆ పిల్ల కుతూహలం ఆపుకోలేక తొంగిచూసింది. నగలోంచి ముత్యం జారి చిల్లుకి అడ్డుపడింది. ముహూర్తం దాటిపోయింది. పెళ్ళి తప్పిన కూతురికి తండ్రి ఓదార్పుగా పుస్తకానికి ఆమె పేరు పెట్టాడట. చరిత్రో కట్టుకథో గానీ, మేమంతా దాన్ని ఆడపిల్ల దురదృష్టంగానే పాఠం చెప్పుకుంటూ వచ్చాం. ఆ పిల్ల ఎందుకు తొంగిచూసిందని ఏ క్లాసులోనూ నేనడగలేదు. గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామనుకుంది, అంతే కదా.

ఈ దీపాలు పనిచేసే పద్ధతి ముచ్చటైనది. ప్రతి దీపం లోపలా ఒక చిప్ ఉంటుంది. ఆర్డ్యూయినో అనే చిన్న బోర్డు, అంకెల్ని వరసగా ఒకే తీగలోకి పంపుతుంది. మొదటి దీపం తన వాటా 24 బిట్లు తీసుకుని మిగిలింది పక్కదానికి అందిస్తుంది, అది తన వాటా తీసుకుని ఆ పక్కదానికి. పంక్తి భోజనాల్లో ఆకులు అందించుకున్నట్టు. చివరి దీపానికీ సరిగ్గా మొదటిదానికి అందినంతే అందుతుంది. మా ఇంటి పంక్తిలో చివర కూర్చున్నావిడకి అలా అందిన గుర్తు లేదు.

ఆ వాటాలో ఎరుపు కన్నా ముందు ఆకుపచ్చ వస్తుందని తెలియక, రాత్రికి పెట్టిన ఎరుపు కాస్తా పచ్చగా వెలిగి ఇల్లంతా మసీదులా కన్పించింది. అమ్మకి అదే నచ్చింది! అరవై దీపాలూ తెల్లగా పూర్తి కాంతితో వెలిగితే మూడున్నర ఆంపియర్లు దాటుతుంది, ఫోన్ ఛార్జర్ చాలదు, విడిగా 5 వోల్టుల సప్లయి కొనాలి. కరెంటు పోయినా వేళ మరిచిపోకుండా ఒక్క బిళ్ళ బ్యాటరీతో లెక్క ఉంచుకునే డీఎస్ 3231 అనే చిప్ ఉంది, ఏడాదికి తేడా ఓ నిమిషం. మనుషులకి అలాంటిదొకటి ఉంటేనా అనుకున్నాను, అనుకుని సిగ్గుపడ్డాను.

ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన చోటు మాది. తోప్ కా సాంచా అనేవారు, పేటకి పేరు ఆ కార్ఖానాతోనే వచ్చింది. ఆ పేటలో డైనింగ్ టేబుల్ మీద నేను తగరం, సీసం కరిగించి నాలుగు ముక్కలూ అతికాను. మొదటి అతుకులు పిడకల్లా వచ్చాయి. మూడో ముక్కకీ నాలుగో ముక్కకీ మధ్యది నాకే నమ్మకం లేదు, కానీ వెలిగింది కదా అని వదిలేశాను.

అమ్మ మంచానికి ఎదురుగా గోడకి తగిలించాక ఒక సాయంత్రం ఆటలాగా అడిగాను, "అమ్మా, మా చిన్నప్పుడు పొద్దున్నే ఎన్నింటికి లేచేదానివి?" తడుముకోలేదు. నాలుక్కి, కుళాయి వచ్చే వేళకి. నాలుగంటే యాభై అయిదో దీపం దాటిన చోటు. అక్కణ్ణించి ఆవిడ చెప్తుంటే నేను పనికి ఎరుపు రాసుకుంటూ పోయాను. రాత్రి పదికి వంటిల్లు కడిగేదాకా నలభై అయిదు దీపాలు. నిద్రకి పదిహేను. మధ్యాహ్నం రేడియోలో స్త్రీల కార్యక్రమం వినేదానివిగా, అది విశ్రాంతే కదా అన్నాను. "బియ్యంలో రాళ్ళేరుకుంటూ వినేదాన్ని" అంది. ఆ దీపానికి ఏ రంగెయ్యాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళ కాలవినియోగ సర్వేలో కూడా రోజు తెల్లవారుజామున నాలుక్కే మొదలవుతుంది, మర్నాడు నాలుగు దాకా అరగంట అరగంటగా అడుగుతారు. 2024 సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్ళు 88. నా చక్రంమీద ఆవిడవి పన్నెండు దీపాలు, ఆయనవి నాలుగుకి తక్కువ. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళ లెక్క మాత్రమే, పెట్టనివాళ్ళు అందులో లేరు. అర్ధరాత్రి లేచి అమ్మని మంచం దాకా నడిపించుకొచ్చే నా పని ఈ 289లోకి రాదు, సంరక్షణకి వేరే పద్దు ఉంది. తమ్ముడు ఆదివారాలు ఫోన్లో "అమ్మ టైముకి మందులేసుకుంటోందా?" అంటాడు. టైముకే అంటాను.

నెల తిరక్కుండా ఒక వింత జరిగింది. అమ్మ రాత్రి లేవడం మానేసింది. లేచినా, గోడకేసి చూసి "ఇంకా పన్నెండేనే, పడుకో" అని నాకే చెప్పి అటు తిరిగేది. చక్రం చదవడం ఆవిడకి వచ్చేసిందని మురిసిపోయాను. నాలుగు రాత్రులు వరసగా నిద్రపోయాను, ఏడాదిలో మొదటిసారి. అయిదో రాత్రి దాహమేసి లేస్తే గంట మూడు. చక్రంమీద మూడు ముక్కలే వెలుగుతున్నాయి. నా చెత్త అతుకు తెగి నాలుగో ముక్కకి వాటా అందడం లేదు. అర్ధరాత్రి దగ్గర కాలం ఆగిపోయి ఉంది.

ఆ అతుకు సరిచెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. చెయ్యలేక కాదు. అబద్ధమే గానీ ఎవరికి నష్టం అనుకున్నాను. అమ్మ పడుకుంటోంది, నేను పడుకుంటున్నాను, స్టవ్ భయం లేదు. పన్నెండో రోజు హాల్లో బూజు దులుపుతూ నాన్న గడియారం చూశాను. నా చేతి గడియారంతో పోల్చుకున్నాను. పది నిమిషాలు.

స్టూలెక్కి ముందు దాన్ని సరిచేశాను. తర్వాత ఐరన్ వేడెక్కేదాకా కూర్చుని, పాత అతుకు కరిగించి మళ్ళీ వేశాను. ఈసారి సన్నగా, మెరుస్తూ వచ్చింది.

ఆ రాత్రి రెండున్నరకి వంటింట్లో లైటు వెలిగింది. వెళ్ళి వాల్వు నేనే తిప్పాను. అమ్మ బొంబాయిరవ్వ వేయించింది, నేను పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగాను. రెండు బాక్సులు కట్టింది.